ఒంటి గొట్టం తుపాకి

కిందటి నెలలో గోదావరి లంకలోని మా ఊరి నుంచి మా వదిన ఫోన్ చేసింది. అన్నయ్య పోయి ఇంకా ఏడాది కాలేదు, ఇంటికి పోలీసు కాగితం వచ్చిందని ఆవిడ కంగారు. నెమ్మదిగా చదివించుకుని వింటే అది మా నాన్న తుపాకి గురించి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం, అవి అయిపోయాక వెళ్లి విడిపించుకు రావడం నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్న తంతే. నాన్న తర్వాత లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకున్న అన్నయ్య పోయిన ఎన్నికలకి అప్పజెప్పాడు, తెచ్చుకునేలోగా మంచం పట్టాడు. ఇప్పుడు లైసెన్సుదారు లేడు కాబట్టి వారసులెవరైనా దాన్ని తమ పేరు మీదికి మార్పించుకోవాలి, లేదంటే వదులుకుంటున్నామని రాసివ్వాలి. మా మేనల్లుడు శ్రీను తనకి అక్కర్లేదన్నాడు. వాడి దగ్గర చిలకల్ని తోలడానికి గాలి తుపాకి ఒకటి ఉంది. అదే ఎందుకు కొన్నావురా అని అడిగితే, దానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి అన్నాడు. పందులకి పనికొస్తుందా అంటే నవ్వేసి, తగిలిన సంగతి కూడా వాటికి తెలియదత్తా అన్నాడు. వాడి చెరుకు తోట చుట్టూ ఇప్పుడు మా వదిన పాత చీరలు కట్టి ఉన్నాయి. గాలికి చీర కదిలితే మనిషనుకుని పంది రాదట. ఆవిడ పెళ్లినాటి చీర కూడా ఆ కంచెలో ఉందని ఆవిడే చూపించింది.

రాతకోతలకి ఇంట్లో ఇప్పుడు నేనే మిగిలాను. ఉద్యోగమున్నన్నాళ్లూ బడిలో పిల్లల చేత దరఖాస్తులు రాయించినదాన్ని కదా అని అందరికీ ధీమా. అసలు లైసెన్సు పుస్తకం ఎక్కడుందో వెతకడానికి రాజమండ్రి నుంచి బస్సెక్కి వెళ్లాను. నాన్న ట్రంకు పెట్టెలో, శిస్తు రసీదుల కింద, కర్పూరం ఉండలు కరిగిపోయి మరక మాత్రం మిగిలిన గుడ్డలో చుట్టి దొరికింది. పుస్తకంతోపాటు మడత పెట్టిన ఇంకో కాగితం ఉంది. తుపాకి లైసెన్సు కోసం నాన్న పెట్టుకున్న మొట్టమొదటి దరఖాస్తుకి ఆఫీసు ముద్ర పడిన నకలు అది. ఆయుధం రకం అన్నచోట ఇంగ్లీషులో, రెండు గొట్టాలది, తూటాలు పెట్టి కాల్చేది అని రాసి ఉంది. దాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పైన సన్నటి అక్షరాలతో, ఒంటి గొట్టం, మూతి నుంచి మందు కూరేది అని రాశారు. కొట్టివేత పక్కన పొట్టి సంతకం. అది ఎవరిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చేత్తోనే నా చేయి పట్టుకుని ఏబీసీడీలు దిద్దించారు. అది నాన్న తమ్ముడు సత్యం బాబాయిది.

ఆ కాగితం పట్టుకుని ట్రంకు పక్కన నేల మీదే కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ ఒంటి గొట్టం తుపాకిని మా నాన్నే భయపడి ఎంచుకున్నాడని నేను ఇన్నేళ్లూ నమ్మాను. నమ్మి ఊరుకున్నానా, ఆయన మొహం మీదే అన్నాను. ఆ తుపాకి ఒక్కసారే పేలగలగడం వల్ల మా బాబాయి కాలు పోయింది. ఆ తప్పు ఎవరిదన్న విషయంలో మా లంకలో ఎవరికీ అనుమానం లేదు, అందరికంటే నాకు అసలు లేదు.

మా లంక గౌతమి పాయ మధ్యలో ఉండేది. ఇప్పుడు రోడ్డు పడింది గానీ అప్పుడు రామచంద్రపురం వెళ్లాలన్నా, తలనొప్పి మాత్ర కావాలన్నా పడవ దాటాల్సిందే. వరద తెచ్చి పోసిన మట్టిలో చెరుకు, కంద, అరటి విరగకాసేవి. మాఘమాసంలో గానుగ ఆడినన్నాళ్లూ ఇంట్లో బట్టలకీ, జుట్టుకీ, చివరికి మజ్జిగకీ కూడా బెల్లం వాసనే. చుట్టూ మనిషెత్తు రెల్లు. ఆ రెల్లులో అడవి పందులు. ఒక మంద చెరుకులో పడిందంటే తిన్నంత తిని, తినలేనంత తొక్కి పోయేది. పొద్దున్నే నాన్న చేలోకి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు కాళ్లు కడుక్కునే తీరును బట్టి అమ్మ నష్టం కనిపెట్టేది. చెంబెడు నీళ్లతో సరిపెడితే ఫర్వాలేదని, బిందె మొత్తం పోసుకుంటూ నిలబడ్డాడంటే ఆ పూట ఎవరూ మాట్లాడించకూడదని మా ఇంట్లో లెక్క. నాన్నకి మామూలుగానే మాట తక్కువ. మాటలన్నీ బాబాయి వంతు. ఎస్ఎస్ఎల్‌సీ దాకా చదివిన మనిషి లంక మొత్తానికి ఆయన ఒక్కడే. చొక్కా జేబులో సిరా పెన్ను లేకుండా ఇంట్లోంచి కదిలేవాడు కాదు. అర్జీ రాయాలన్నా, కోర్టు నోటీసు చదవాలన్నా మా అరుగు మీదికే వచ్చేవాళ్లు. నాకు బాబాయి అంటే ప్రాణం.

తుపాకి కొందామని నాన్న అనుకున్నాక, దరఖాస్తు పెట్టకముందే, ఏది అడగాలో తేల్చుకోవడానికి రాజమండ్రిలో ఒక తుపాకుల షాపుకి వెళ్లాడు. కంటి డాక్టరుకి చూపించే పని ఉండి నన్నూ వెంట తీసుకెళ్లాడు. షాపు ఆయన తెల్లటి గడ్డం, మెత్తటి మాట. వచ్చినవాళ్లని ఏం కావాలి అని అడగడు, మందుల షాపులో చీటీ అడిగినట్టు, మీ కాగితం ఏంటండి అని అడుగుతాడు. మాకింకా కాగితమే లేదని తెలిసినా విసుక్కోకుండా కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. సైన్యం వాడే తూటా ఏ సైజుదైతే ఆ సైజు తుపాకి మామూలు మనిషికి నిషేధమట. అందుకని దానికి కాస్త పక్క సైజులో రైఫిళ్లు తయారుచేస్తారు, కొనేవాళ్లు అవే కొంటారు, అది మంచిదని కాదు, చట్టం వదిలిపెట్టింది అదే కాబట్టి. చేతి తుపాకులదీ అదే కథ. ఇక పంట కాపలాకని అడిగితే ఒక రకం లైసెన్సు, ప్రాణరక్షణకని అడిగితే ఇంకో రకం. పంట కాపలాది త్వరగా వస్తుంది గానీ దాని మీద ఎక్కువగా మందు కూరే నాటురకమే ఇస్తారు, అది కూడా పలానా చేలో, పలానా పంట ఉన్నన్నాళ్లే అని రాస్తారు. ఆయన చెప్పిన మాట ఒకటి నాకు బాగా గుర్తు. "పులిని కొట్టాలా, పిచ్చికని కొట్టాలా అని ఇక్కడ ఎవరూ అడగరండి. మీరు ఏ గడిలో పడ్డారని అడుగుతారు. దాన్నిబట్టే తుపాకి."

అంతా విన్నాక నాన్న గోడకి ఉన్న రెండు గొట్టాల తుపాకిని చూపించి, అది ఒకసారి పట్టుకోవచ్చాండి అన్నాడు. షాపు ఆయన తీసి ఇచ్చాడు. నాన్న దాన్ని మధ్యకి విరిచి, ఖాళీ గొట్టాల్లోంచి వీధిలోకి చూసి, మళ్లీ మూసి భుజానికి ఆనించాడు. మా నాన్న అంత నిటారుగా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. ఇదే కావాలండి అన్నాడు. ఎందుకని షాపు ఆయన అడిగితే, నాన్న అన్నమాట ఇది: "పందికి మొదటి దెబ్బ తగిలితే అది పారిపోదండి, మీదకొస్తుంది. రెండోది చేతిలో ఉండాలి." ఈ మాట నేను పక్కన నిలబడి విన్నాను. విన్నాను కాబట్టే ఆ తర్వాత నాన్నని అంత తేలిగ్గా క్షమించలేకపోయాను.

కొన్నాళ్లకి లైసెన్సు వచ్చింది. మళ్లీ రాజమండ్రి వెళ్లాం, ఈసారి బాబాయి కూడా వచ్చాడు. షాపు ఆయన కాగితం చదివి, నాన్న మొహం చూసి, లోపలికి వెళ్లి మూల నుంచి ఒంటి గొట్టం తుపాకి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పొడుగ్గా, బరువుగా, ఇనుప రోకలిలా ఉంది. రెండు గొట్టాలది అదే గోడకి అక్కడే ఉంది. నాన్న దాని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అడిగే ధైర్యం లేక, తొందరగా వచ్చేదాన్నే రాయించుకున్నాడని నాకు అప్పుడే అనిపించింది. ఊళ్లోనూ అదే మాట నడిచింది. మా పక్క లంకలో పెద్ద కమతం ఉన్న రాజుగారు ప్రాణరక్షణకని అడిగి రెండు గొట్టాలది తెచ్చుకున్నారు. ఆయన ప్రాణానికి ఏ ప్రమాదమూ లేదని లంకలో పిల్లలకి కూడా తెలుసు. "అడిగితే ఇస్తారోయ్, నువ్వు అడగలేదు" అని మా అరుగు మీదే కూర్చుని నాన్నతో అన్నారు. నాన్న తల దించుకుని, "కాగితంలో అదే వచ్చిందండి" అన్నాడు. బాబాయి ఆ పక్కనే ఎవరిదో అర్జీ రాస్తున్నాడు.

ఆ తుపాకి వచ్చాక మా ఇంటి ఆదివారాలు మారిపోయాయి. నాన్న అరుగు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుని, గొట్టంలో వేడినీళ్లు పోసి, కమ్మీకి గుడ్డ చుట్టి పొడిచి పొడిచి కడిగేవాడు. నల్లటి నీళ్లు, మురిగిన గుడ్డు వాసన. ఆ నీళ్లు తన కనకాంబరాల దరిదాపుల్లో పొయ్యొద్దని అమ్మ లోపలినుంచే చెప్పేది. తర్వాత కొబ్బరినూనె రాసేవాడు. మా తలలకీ తుపాకికీ ఒకటే సీసా కావడంతో, నూనె రాసుకుని బడికెళితే నా జడకి మందు వాసన వేస్తోందని పక్కనున్నవాళ్లు ఏడిపించేవారు. దసరాకి గొట్టానికి పసుపు రాసి మూడు బొట్లు పెట్టేవాళ్లం. అన్నిటికంటే నాకు ఇష్టమైంది అది కూరడం చూడటం. సీసా మూతతో కొలిచి మందు పోయాలి, పీకిన కొబ్బరి పీచు ఉండ చేసి దోపాలి, కమ్మీతో దట్టించాలి, సీసం గుళ్లు పోయాలి, మళ్లీ పీచు, మళ్లీ దట్టించడం, చివర కింద, దెబ్బకి నిప్పు రాజేసే రాగి టోపీ తొడగాలి. పీచు వదులైతే గుళ్లు జారిపోతాయి, బిగువెక్కువైతే చేతిలోనే పేలుతుంది. ఈ పని మొత్తం అయ్యేలోపు నేను పైకి వినపడేలా అంకెలు లెక్కపెట్టేదాన్ని. నాన్న ఎంత చేయి తిరిగినవాడైనా ఒక్కసారి తప్ప డెబ్బై లోపు ఎప్పుడూ పూర్తి కాలేదు. అరవై తొమ్మిదికి అయిందని ఒకరోజు సంబరంగా కేక పెడితే నాన్న నవ్వాడు. నాన్న చేలోకి తుపాకి తీసుకెళ్లిన ప్రతిసారీ బాబాయి చెరుకు కత్తి పట్టుకుని ఆయన ఎడమ పక్కన నిలబడేవాడు. పెన్ను జేబులో, కత్తి చేతిలో. చదువుకున్నాయనకి ఈ పనేంటని ఎవరైనా అంటే నవ్వేసేవాడు గానీ ఆ చోటు ఎప్పుడూ వదల్లేదు.

చెరుకు కొట్టేటప్పుడు ఒక సంగతి ఉంటుంది. కోత చుట్టూ నుంచి లోపలికి వస్తున్నకొద్దీ పందులు బయటికి రాకుండా లోపలికే జరుగుతాయి. ఆఖరికి ఒక గదంత చెరుకు మిగులుతుంది, మంద అంతా అందులో ఉంటుంది. ఆ మిగిలిన తునక దగ్గరికి వచ్చేసరికి కోతవాళ్లు కత్తులు ఆపేసి వెనక్కి జరుగుతారు, తుపాకి ఉన్నవాళ్లని పిలుస్తారు. ఆ రోజు పట్టపగలు, మా చెరుకే. నేను, అమ్మ, కూలివాళ్లకి మజ్జిగ తెచ్చిన పిన్ని గట్టు మీద ఉన్నాం. బాబాయికి పెళ్లయి ఏడాది, పిన్నికి అప్పుడు నెలలు. డబ్బాలు వాయించారు. పిల్లలతో ఉన్న రెండు ఆడపందులు అవతలి వైపు నుంచి రెల్లులోకి పరిగెత్తాయి. ఆ వెనక ఒక మగపంది, వీపు మీద వెంట్రుక నిక్కబొడుచుకుని, ఇటే వచ్చింది. నాన్న కాల్చాడు. దానికి తగిలింది. అది పడి, లేచింది. నాన్న గొట్టం మూతి పైకి తిప్పి మందు పోయడం మొదలుపెట్టాడు. నేను అలవాటు కొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు దగ్గర బాబాయి నాన్నకి అడ్డంగా ముందుకు వచ్చాడు. పద్నాలుగు దగ్గర పంది ఆయన తొడలో కోర దించింది. నాన్న చేతులు దట్టిస్తూనే ఉన్నాయి. కోతవాళ్లంతా కత్తులతో వచ్చి దాన్ని చంపేసరికి నా లెక్క నలభై కూడా దాటలేదు. తర్వాత ఆ తుపాకి చూస్తే, మందూ పీచూ సరిగ్గానే దట్టించి ఉన్నాయి.

పడవలో దాటించి, లారీ ఆపి కాకినాడ తీసుకెళ్లేసరికి సాయంత్రమైంది. పుండు కుళ్లింది. పదిహేను రోజులకి మోకాలి పైదాకా తీసేశారు. ఇంటికొచ్చాక బాబాయి చంకలో కర్ర పెట్టుకుని అరుగు మీద అదే చోట కూర్చుని అర్జీలు రాశాడు. పిన్ని నాన్నతో మాట్లాడటం మానేసింది. నాన్న లైసెన్సు మార్పించుకుందామని ఎంతో తిరిగాడు గానీ, పంట కాపలా గడిలోంచి ఇంకో గడిలోకి మారాలంటే మొదటి నుంచి రావాలన్నారు. ఆ తర్వాత ఆయన తుపాకి కాల్చగా నేను చూడలేదు. కడగడం మాత్రం మానలేదు.

నాకు పదిహేనేళ్లప్పుడు అనుకుంటాను, అన్నాల దగ్గర ఏదో మాట మీద మాట వచ్చి నాన్నతో అనేశాను. "నువ్వు భయపడి చిన్న తుపాకి అడిగావు నాన్నా. రెండు గొట్టాలది అడిగుంటే బాబాయి నడిచేవాడు." అమ్మ చేతిలో గరిటె ఆగింది. నాన్న కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి, "అదే వచ్చిందమ్మా కాగితంలో" అన్నాడు. ఎప్పుడూ చెప్పే అదే ముక్క చెప్పాడని నాకు ఇంకా కోపం వచ్చింది. ఆ రోజు నుంచి నేను నాన్నని ఏదీ అడగలేదు. కాలేజీలో ఏ గ్రూపు తీసుకోవాలో బాబాయిని అడిగాను. ఉద్యోగానికి దరఖాస్తు బాబాయి చేత దిద్దించాను. చూడటానికి వచ్చిన పెళ్లికొడుకు నచ్చాడో లేదో బాబాయికి చెప్పాను, నాన్నకి ఆయన ద్వారానే తెలిసింది. నాన్న వాటన్నిటికీ సరేనన్నాడు. ఆ సరేనన్న తీరు కూడా నాకు పిరికితనంగానే కనిపించింది. మనిషిని ఒకసారి ఒక గడిలో పడేశాక తీసి ఇంకో గడిలో పెట్టడం నాకూ చేతకాలేదు. ఆయన పోయినప్పుడు కూడా, మంచివాడు పాపం, కానీ తెగింపు లేదు అని నా పిల్లలతో నేనే చెప్పాను.

తుపాకి వదులుకుంటున్నామని రాసివ్వడానికి నేను స్టేషన్‌కి బయలుదేరితే, బాబాయి తనూ వస్తానన్నాడు. ఎనభై దాటిన మనిషి, చంకలో కర్ర, ఆటో ఎక్కడానికే ఇద్దరు పట్టుకోవాలి. ఆ తుపాకిని ఒకసారి చూస్తాడట. దారంతా కాగితం నా సంచిలోనే ఉంది. స్టేషన్‌లో రికార్డులు రాసే రైటరు వచ్చేదాకా కూర్చోమని వరండాలో బల్ల చూపించారు. అక్కడ తీసి ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు. నేను ఏమీ అడగకుండానే చెప్పాడు.

పొలం వివరాలుండే అడంగల్ నకలు కోసం నాన్న ఆఫీసు బయట కరణం దగ్గర నిలబడి ఉంటే, దరఖాస్తు ఇవ్వడానికి ఆఫీసు లోపలికి బాబాయి ఒక్కడే వెళ్లాడట. అక్కడి గుమాస్తా చదివి, రెండు గొట్టాలదంటే ఫైలు పైకి వెళ్లాలి, విచారణలు, రెండేళ్లు పట్టొచ్చు, పంట కాపలాకి మందు తుపాకి అని రాస్తే ఈ కోతలోపు వచ్చేస్తుంది అన్నాడట. బయటికొచ్చి అన్నయ్యని అడిగి రావాల్సింది. అడగడమేంటి, ఇంట్లో రాతకోతలన్నీ తనవే కదా అనుకున్నాడు. ముందు ఏదో ఒకటి చేతికొస్తే తర్వాత మార్పించుకోవచ్చని తోచింది. జేబులో పెన్ను తీసి, కొట్టేసి, పైన రాసి, తనే సంతకం పెట్టేశాడు.

"ఆస్పత్రిలో కాలు తీసేశాక ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని మీ నాన్నని బతిమాలానమ్మాయ్. నా కాలు నేనే కొట్టేసుకున్నానని తెలిస్తే లంకలో ఒక్కడు కూడా నా చేత కాగితం రాయించుకోడు. ఒంటికాలి మనిషికి ఆ రాత తప్ప ఇంకేం బతుకుంది? కొన్నాళ్లు ఆగి నేనే చెబుతానన్నాను." కర్ర మీద చేయి మార్చుకున్నాడు. "చెప్పలేకపోయాను. నువ్వు అన్నాల దగ్గర మీ నాన్నని అన్నావే, ఆ రోజు నేను అరుగు మీదే ఉన్నాను. విన్నాను."

నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ కోప్పడటానికి ఎదురుగా ఉన్నది ఎనభై ఏళ్ల మనిషి, మడిచి పిన్ను పెట్టిన పంచె అంచు. క్షమాపణ అడగాల్సిన నాన్న లేడు. ఆ గుమాస్తా ఎవరో తెలియదు, ఆయన చెప్పింది అబద్ధం కూడా కాదు. గీత గీసింది బాబాయి, గడి గీసింది ఇంకెవరో. ఎవరినీ ఏమీ చేయలేక, బాబాయి చేతిలో కాగితం తీసుకుని మడత పెట్టుకున్నాను.

రైటరు వచ్చి సామాన్ల గది తీయించాడు. మా తుపాకి గోడకి ఆనించి ఉంది, మెడకి దారంతో చీటీ. కొబ్బరినూనె తగలక తుప్పు పట్టింది. దాని పక్కనే రెండు గొట్టాలది ఒకటి, ఇంకో చీటీతో. ఎవరిదని అడిగాను. రాజుగారి మనవడిదట. ఇదివరకు మనిషికి మూడు తుపాకుల దాకా ఉంచుకోనిచ్చేవారు, ఇప్పుడు రెండే అన్నారు. ఆయన రైఫిలూ, ఫంక్షన్లకి నడుముకి పెట్టుకెళ్లే రివాల్వరూ ఉంచుకుని తాతగారిది వదులుకున్నారు. మా నాన్న ఒక్కసారి భుజానికి ఆనించి చూసుకున్న రకం తుపాకి ఎవరికీ అక్కర్లేక మా దాని పక్కనే నిలబడి ఉంది. బాబాయి చేయి చాచి మా గొట్టం మీద వేలితో నిమిరి, వేలికి అంటిన తుప్పు చూసుకున్నాడు. పట్టుకోవడం కుదరదండి పెద్దాయనా, ఏమనుకోకండి అని రైటరు మర్యాదగానే చెప్పాడు.

వదులుకుంటున్నట్టు రాసే ఫారం బల్ల మీద పెట్టాడు. అలవాటుగా బాబాయి జేబులో పెన్ను తీసి ఫారం తన వైపు లాక్కున్నాడు. నేను ఫారం మీద చేయి పెట్టాను. ఆయన నా మొహం చూసి పెన్ను నాకు ఇచ్చేశాడు. ఆయుధం రకం అన్నచోట ఒంటి గొట్టం అని రాసి, వారసుల తరఫున సంతకం పెట్టాను. ఆ పెన్ను తిరిగి ఇస్తే ఆయన జేబులో పెట్టుకున్నాడు. నాకు ఏ తృప్తీ కలగలేదు.

తిరిగి ఆటో ఎక్కాం. పాయ కనపడ్డాక నేనే అడిగాను, నువ్వు కొట్టేశావని నాన్నకి ఎప్పుడు తెలిసిందని. దరఖాస్తు ఇచ్చిన రోజే, తిరిగొచ్చే పడవలోనే చెప్పేశానన్నాడు. తిట్టాడా అన్నాను. బాబాయి తల అడ్డంగా ఊపాడు. 

"పోనీలేరా, రెండో గొట్టం లేకపోతే ఏం, పక్కన నువ్వుంటావుగా అన్నాడు."

ఆటో లంక రోడ్డు మీదికి తిరిగింది. పొలం గట్ల మీద చీరలు కదులుతున్నాయి.